మీ ప్రశ్నలు: మూడు తూటాలు ఒకచోట, రెండు ఇంకోచోట

ప్రశ్న: గురువుగారూ, నాది 308 విన్‌చెస్టర్ బోల్ట్ యాక్షన్ వేట రైఫిల్, కొయ్య స్టాక్. ఆరేళ్ళుగా వంద గజాల దగ్గర ఐదు తూటాలూ అంగుళంన్నరలో పడేవి. వానల్లో తిరిగొచ్చాక పెట్టెలో పెట్టి రెండు నెలల తర్వాత తీస్తే గ్రూపు నాలుగు అంగుళాలైంది. మొదటి మూడూ దగ్గరగానే పడతాయి, తర్వాతి రెండూ పైకి, కుడికి పోతాయి. స్కోప్ మార్చాను. తూటాల కంపెనీ మార్చాను. బ్యారెల్ బాగా తోమాను. ఇప్పుడు ఇంకా అధ్వాన్నం. కొత్త బ్యారెల్ వేయించమంటారా?

జవాబు: వద్దు. జబ్బేమిటో మీరే రాసి, చూసుకోకుండా దాటిపోయారు. ‘మొదటి మూడూ దగ్గరగా, తర్వాతి రెండూ పైకి, కుడికి’ అన్నారు చూడండి, అదే. అరిగిపోయిన బ్యారెల్ ఇంత పద్ధతిగా గురి తప్పదు, నాలుగు పక్కలా చల్లుతుంది. వేడెక్కేకొద్దీ ఒకే దిక్కుకి జరుగుతోందంటే దాన్ని ఏదో నెడుతోందన్నమాట. వాన సంగతీ మీరే రాశారు. కొయ్య నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరినా అచ్చంగా పాత ఆకారానికి రాదు. మోయడానికి తేలిగ్గా ఉండాలని వేట రైఫిల్ బ్యారెల్ సన్నగా చేస్తారు కాబట్టి మూడు తూటాలకే వేడెక్కుతుంది. అప్పుడు బ్యారెల్‌ని మోసే ఆ కొయ్య దిమ్మ, అదే స్టాక్, ఎడమ వైపు కిందనుంచి ఒత్తుతుంటే మూతి పైకి, కుడికి కాక ఎటు పోతుంది?

నా అనుమానం ఇది. నూటికి నూరు పాళ్ళు అని అనలేకపోవడానికి కారణం మీరే. ఒకేసారి మూడు మార్చేశారు. కొత్త స్కోప్ పెట్టారంటే దాన్ని పట్టి ఉంచే రింగులు విప్పి బిగించారు, అక్కడ కొత్త తప్పు చేరి ఉండవచ్చు. పాత స్కోప్, పాత తూటాలు మళ్ళీ పెట్టండి. ఇకమీదట ఒక్కసారికి ఒక్క మార్పే.

ఈ మాట నా అనుభవంతో చెబుతున్నాను. నా సొంత రైఫిల్ నన్నొకసారి నెల రోజులు ఏడిపించింది. స్టాక్ ఊడదీశాను, ట్రిగ్గర్ విప్పాను, నాలుగు రకాల తూటాలు తగలేశాను. రింగు స్క్రూలు పైకి కనబడతాయి గనక రోజూ బిగించేవాణ్ణి. చివరికి విసుగొచ్చి స్కోప్ మొత్తం దించితే, దాని కింద దాక్కున్న బేస్ (రింగులు కూర్చునే పట్టీ) ముందు స్క్రూ వేలితోనే తిరిగింది! పరుల తుపాకులు బాగుచేసే మనిషిని, ఎవరికీ చెప్పుకోలేదు.

కాబట్టి మీరూ స్కోప్ దించి బేస్ నుంచే మొదలుపెట్టండి. మొదట మ్యాగజైన్ తీసి, ఛాంబర్‌లో తూటా లేదని కంటితో ఒకసారి, వేలితో ఒకసారి చూసుకోండి. బేస్ స్క్రూల నూనె తుడిచి బిగించండి. రింగు స్క్రూలకి సాధారణంగా 15 నుంచి 18 ఇంచ్‌పౌండ్ల (బిగువు కొలత) బిగింపు చాలు. బలముంది కదా అని బిగిస్తే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది.

తర్వాత స్టాక్. సన్నటి కాగితం ముక్క బ్యారెల్ కింద దూర్చి మూతి వైపు నుంచి వెనక్కి లాగుతూ రండి. ఎక్కడ పట్టేస్తే అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఆ తర్వాత యాక్షన్‌ని (బోల్ట్ ఆడే ఇనుప భాగాన్ని) స్టాక్‌కి పట్టే ముందు స్క్రూ మెల్లగా వదులు చేస్తూ, బ్యారెల్, స్టాక్ కలిసేచోట వేలు ఆనించి ఉంచండి. వేలికి కదలిక తెలిసిందంటే యాక్షన్ కూర్చోవలసినట్టు కూర్చోలేదు, బెడ్డింగ్ చేయించాలి, అంటే ఎపాక్సీ జిగురు పోసి యాక్షన్‌కి స్టాక్‌లో అచ్చంగా సరిపోయే గూడు చేయించాలి. అది తెలిసినవాళ్ళ చేత చేయించడమే మంచిది, ఎపాక్సీ తప్పుగా పోస్తే యాక్షన్ స్టాక్‌లోనే ఉండిపోతుంది.

కాగితం ఒక పక్కనే పట్టేస్తే అక్కడ మాత్రం ఉప్పు కాగితంతో కొంచెం కొంచెంగా రుద్దండి. రుద్దిన చోట నూనో వార్నిషో పట్టించకపోతే వచ్చే వానలకి ఇదే ఉత్తరం మళ్ళీ రాస్తారు. ఒక్క జాగ్రత్త: కొన్ని రైఫిళ్ళలో స్టాక్ కొసన కావాలనే చిన్న ఒత్తిడి ఉంచుతారు. కాగితం కొసన రెండు వైపులా సమానంగా పట్టేస్తే రుద్దకుండా, తయారీదారు పుస్తకం చూడండి.

ఇక కాల్చి చూడటం. మెత్తటి సంచి స్టాక్ కింద పెట్టండి, బ్యారెల్ కింద కాదు. మూడు కాల్చి, బ్యారెల్‌ని అరచేత్తో పట్టుకోగలిగేదాకా ఆగండి, మళ్ళీ మూడు, మళ్ళీ ఆగి మూడు. తొమ్మిదీ ఒకే కాగితం మీద పడాలి. మూడు తూటాల గ్రూపు ఒక్కటే చూసి మురిసిపోకండి, అది అదృష్టం కావచ్చు. వంద గజాల దగ్గర అంగుళంన్నర వస్తే జింక వేటకి ఆ గురి చాలినంత కంటే ఎక్కువే, అక్కడితో ఆపేయండి.

ప్రశ్న: నా 223 రైఫిల్‌లో బరువైన 77 గ్రెయిన్ల (బుల్లెట్ తూకం కొలత) బుల్లెట్లు వాడితే కాగితం మీద గుండ్రటి రంధ్రానికి బదులు పొడుగాటి చీలిక పడుతోంది. ఎందుకు?

జవాబు: బుల్లెట్ పక్కకి తిరిగి, అడ్డంగా పోయి తగులుతోంది. మీ బ్యారెల్ లోపల బుల్లెట్‌ని గిరగిరా తిప్పే గాడులు 12 అంగుళాలకి ఒక చుట్టు తిరిగేవై ఉంటాయి, పాత 223లు చాలా అలాగే వచ్చాయి. అంత నిదానపు చుట్టు 55 గ్రెయిన్ల బుల్లెట్‌ని నిలబెడుతుంది గానీ పొడుగాటి 77ని నిలబెట్టలేదు. తేలిక బుల్లెట్లకి మారండి, రైఫిల్‌లో లోపం ఏమీ లేదు.

ప్రశ్న: శుభ్రం చేశాక మొదటి తూటా ఎప్పుడూ వేరేచోట పడుతోంది.

జవాబు: బ్యారెల్‌లో నూనె మిగిలి ఉంటుంది. కాల్చేముందు పొడిగుడ్డ రెండుసార్లు దూర్చండి. అయినా కొన్ని బ్యారెళ్ళు ఒకటి రెండు తూటాలు పడితేగాని కుదురుకోవు, వేటకి వెళ్ళేముందు రేంజ్‌లో ఆ రెండూ కాల్చేయండి. కడ్డీని వెనకనుంచే దూర్చండి. మూతి వైపు నుంచి దూరిస్తే అంచు అరుగుతుంది, బుల్లెట్ చివరిగా తాకేది ఆ అంచునే.

ప్రశ్న: ఒకే రైఫిల్, ఒకే తూటాలు. మా అన్నయ్య కాలిస్తే అంగుళంలో పడతాయి, నేను కాలిస్తే అయిదంగుళాలు, అదీ ఎక్కువగా కిందకే. నాకిది చేతకాదేమో అనిపిస్తోంది.

జవాబు: చేతనవుతుందమ్మా. దెబ్బ వస్తుందని భుజానికి ముందే తెలిసిపోయి, తూటా పేలకముందే మీరు రైఫిల్‌ని కిందకి నెడుతున్నారు. నమ్మకపోతే మీ అన్నయ్యని మ్యాగజైన్ నింపమనండి, మధ్యలో ఒకటి రెండు ఉత్తుత్తి తూటాలు మీకు చెప్పకుండా కలపమనండి. ఉత్తుత్తిది వచ్చినప్పుడు మూతి ఎలా కిందకి వంగుతుందో మీ కళ్ళతో మీరే చూస్తారు. నేను మొదటిసారి చూసుకున్నప్పుడు సిగ్గుతో చచ్చాను. చెవులకి ప్లగ్గులూ, వాటి మీద మఫ్సూ రెండూ పెట్టుకోండి, సగం బెదురు చప్పుడుదే. ఒక నెల పాటు దెబ్బ తక్కువుండే చిన్న 22 రైఫిల్‌తో మాత్రమే కాల్చండి, పెద్దదానికి మారాక రోజుకి పది తూటాలు దాటొద్దు. అన్నట్టు, స్టాక్ మీ చేతులకి పొడుగేమో కూడా చూసుకోండి. అది మీ అన్నయ్య కొలతలకి కొన్నదేమో.