మన న్యాయవాదే సాక్షి అయితే ఆయన కేసు వదులుకోవాలా?

మీ తమ్ముడి తరఫున వాదిస్తున్న న్యాయవాది పేరును ప్రాసిక్యూషన్ తన సాక్షుల జాబితాలో చేర్చిందని, అందువల్ల ఆయన వెంటనే తప్పుకోవాలా అని అడిగారు. పేరు చేర్చినంత మాత్రాన తప్పుకోనక్కరలేదు. కానీ ఆయన కళ్లారా చూసిన సంగతి కేసుకు కీలకమైతే, ఎంత త్వరగా తప్పుకుంటే మీ తమ్ముడికి అంత మేలు. ఆలస్యం చేసినవాడిగా చెబుతున్నాను.

నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో, కొడుకును పోలీసులు పట్టుకెళ్లారని ఒక తల్లి రాత్రివేళ వచ్చి ఏడిస్తే, ఆమె వెంట స్టేషనుకు వెళ్లి, ఆ కుర్రవాడు అక్కడ ఉండటం చూశాను. రికార్డులో మాత్రం అతన్ని రెండు రోజుల తరువాత బస్టాండు దగ్గర అరెస్టు చేశామని, అతడు చెప్పిన చోటే దొంగసొత్తు దొరికిందని మధ్యవర్తుల సమక్షంలో పంచనామా రాశారు. అరెస్టు తేదీ తప్పని తేలితే ఆ రికవరీ అంతా అనుమానంలో పడుతుంది. ఆ తేదీకి తల్లి కాక మిగిలిన సాక్షిని నేనొక్కడినే. అది తెలిసి కూడా వకాల్తా వేశాను.

దర్యాప్తు అధికారిని క్రాస్ ఎగ్జామిన్ (ఎదురు ప్రశ్నలు) చేస్తూ ‘ఆ రాత్రి నేను స్టేషనుకు వచ్చినప్పుడు’ అని మొదలుపెట్టగానే, అడుగుతున్నది న్యాయవాదా, సాక్షా అని జడ్జిగారు ఆపారు. ఆయన అడిగింది న్యాయమే. నేను ప్రశ్నలో ఎంత చెప్పినా, అధికారి కాదంటే అది సాక్ష్యం కాదు. ప్రమాణం చేసి బోనెక్కాలి, పి.పి. (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారి ప్రశ్నలకు నిలబడాలి, ఆపైన నా మాట నమ్మదగినదేనని నేనే వాదించుకోవాలి. ఆ రోజే కేసు వదులుకుని, తరువాత డిఫెన్సు సాక్షిగా వాంగ్మూలం ఇచ్చాను. చివరికి కోర్టు ఆ రికవరీని నమ్మలేదు. అయితే కొత్త న్యాయవాది పాత సాక్షులను మళ్లీ పిలిపించేందుకు పిటిషన్ వేయవలసి వచ్చింది, ఆ నెలలన్నీ కుర్రవాడు జైల్లోనే గడిపాడు. అది నా తప్పే.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ప్రవర్తనా నియమాలలో 13వది దీని గురించే. తాను సాక్షినవుతానని నమ్మడానికి కారణం ఉన్న కేసును న్యాయవాది చేపట్టకూడదు. చేపట్టాక అలా తేలితే, కక్షిదారుకు నష్టం కలగకుండా వైదొలగగలిగినప్పుడు వైదొలగాలి. సాక్ష్యం చెప్పే అర్హతను మాత్రం ఏ చట్టమూ తీసివేయలేదు.

మీ విషయంలో ముందు చూడవలసింది, ఆయన పేరు ఎందుకు చేర్చారన్నది. కొక్కండ బి. పూండచ్చ కేసులో, ఎదుటి పక్షం న్యాయవాదిని సాక్షిగా పిలవదలచినవారు ఆయన సాక్ష్యం ఎందుకు అవసరమో చూపాలని, లేకపోతే మంచి న్యాయవాదిని తప్పించడానికి ఇదొక మార్గమైపోతుందని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. పైగా మీ తమ్ముడు వృత్తిరీత్యా ఆయనకు చెప్పుకున్న మాటలను, అనుమతి లేకుండా బయటపెట్టరాదని ఇప్పటి సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 132వ సెక్షన్ కాపాడుతోంది. చట్టవిరుద్ధమైన పని కోసం చెప్పిన మాటలకు మాత్రం ఆ రక్షణ లేదు.

కాబట్టి ఆయననే నేరుగా అడగండి: మీరు స్వయంగా ఏమి చూశారు, అది చెప్పగలవారు ఇంకెవరైనా ఉన్నారా? ఇంకెవరూ లేరంటే, సాక్షుల విచారణ మొదలుకాకముందే ఆయన చేత అభ్యంతరం లేదని రాయించుకుని, మరొకరి చేత వకాల్తా వేయించండి.