పేర్ల కాలమ్ దాచేశాను, ఇక ఫైల్ పంపొచ్చా?

ప్రశ్న: అమెరికా న్యాయశాఖ నిధులతో సాగే పరిశోధనలో నేర బాధితుల ఇంటర్వ్యూల డేటా నా చేతిలో ఉంది. ఎక్సెల్‌లో పేర్ల కాలమ్ హైడ్ చేశాను, ఫోన్ నంబర్లను ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతితో హ్యాష్ చేశాను, అంటే నేరుగా వెనక్కి మార్చలేని కోడ్‌గా మార్చాను. వేరే యూనివర్సిటీ వాళ్లకు పంపొచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. హైడ్ చేసిన కాలమ్ ఫైల్‌లోనే ఉంటుంది, సీఎస్‌వీగా (సాదా టెక్స్ట్ పట్టికగా) సేవ్ చేసినా వెంటే వస్తుంది. డిలీట్ చేసినా పివట్ టేబుల్ (డేటాను క్రోడీకరించి చూపే పట్టిక) ఉంటే అది లోపల దాచుకునే నకలులో పాత వివరాలు మిగిలిపోవచ్చు. కావలసిన కాలమ్‌లను మాత్రమే కొత్త ఫైల్‌లోకి వాల్యూస్‌గా పేస్ట్ చేయండి.

హ్యాష్ సంగతి ఇంకా ప్రమాదం. పది అంకెల నంబర్లు మహా అయితే వెయ్యి కోట్లు. వాటన్నిటినీ హ్యాష్ చేసి మీ జాబితాతో పోల్చడం ఒక గ్రాఫిక్స్ కార్డుకు నిమిషాల పని. ఫోన్ నంబర్ తీసేసి ప్రతి మనిషికీ ర్యాండమ్ కోడ్ ఇవ్వండి. ఏ కోడ్ ఎవరిదో చెప్పే పట్టికను వెరాక్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి వేరే చోట ఉంచండి. అది ఎవరికీ పంపకూడదు.

అసలు చిక్కు మిగిలిన కాలమ్‌లలో ఉంది. పుట్టినతేదీ, జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది), లింగం, ఈ మూడూ కలిస్తే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని డేటా గోప్యత పరిశోధకురాలు లటాన్యా స్వీనీ 1990 జనగణన లెక్కలతో అంచనా వేశారు. బాధితుల డేటాలో నేరం జరిగిన తేదీ, చోటు కూడా ఉంటాయి. వాటిని పాత వార్తలతో పోలిస్తే మనిషి దొరికిపోతారు. పుట్టినతేదీకి బదులు పదేళ్ల వయసు శ్రేణి, ఘటన తేదీకి బదులు సంవత్సరం చాలు. తర్వాత ఎక్సెల్‌లోని కౌంట్‌ఇఫ్స్ ఫార్ములాతో ఒకే కలయికలో ఎన్ని వరుసలున్నాయో చూడండి. అయిదుకు తగ్గితే శ్రేణులు పెంచండి. ఇంటర్వ్యూ పాఠాన్ని మాత్రం మనిషే చదవాలి. ‘మా అన్న పనిచేసే పెట్రోల్ బంకు’ లాంటి మాటను సాఫ్ట్‌వేర్ పట్టుకోలేకపోవచ్చు.

గుర్తింపు వివరాలు ఉన్న ఫైలే ఇవ్వాల్సి వస్తే 28 సీఎఫ్ఆర్ పార్ట్ 22 (ఇలాంటి పరిశోధనల్లో గుర్తింపు వివరాల గోప్యతపై అమెరికా ఫెడరల్ నిబంధనలు) ప్రకారం ముందుగా రాతపూర్వక ఒప్పందం ఉండాలి. మీ ప్రాజెక్టు ప్రైవసీ సర్టిఫికెట్‌లో (గోప్యత ఎలా కాపాడతారో రాసిచ్చిన పత్రంలో) ఏం రాశారో కూడా చూసుకోండి. ఉల్లంఘిస్తే జరిమానా ఉంది.

ప్రశ్న: కోర్టు అడిగితే ఇవ్వాలా?

జవాబు: ఆ నిబంధనల కింద సేకరించిన గుర్తింపు వివరాలకు చట్టరక్షణ ఉంది. ఆ వ్యక్తి సమ్మతి లేకుండా కోర్టు విచారణలో సాక్ష్యంగా వాడకూడదు. అయితే ఇకముందు చేయబోయే నేరం గురించి చెబితే ఈ రక్షణ వర్తించదు. ఆ మాట ఇంటర్వ్యూ మొదలుపెట్టక ముందే, సమ్మతి పత్రంలోనే వాళ్లకు స్పష్టంగా చెప్పాలి.