అద్దె ఇంట్లో ఓనరు గారి గ్యాస్ కనెక్షన్ వాడుకోవచ్చా?

అద్దెకు దిగబోయే ఇంట్లో ఓనరు తన పేరు మీదున్న గ్యాస్ కనెక్షన్‌నే వాడుకోమంటున్నారని, విడిగా తీసుకోవడం అవసరమా అని మీరు అడిగారు. తప్పకుండా అవసరం. ఓనరు ఎంత మంచివారైనా, వంట చేసేవారి పేరు ఒకటి, గ్యాస్ బుక్కు మీద పేరు మరొకటి అయితే కష్టమొచ్చిన రోజున మీ మాటకు విలువుండదు.

కూకట్‌పల్లి వైపు మేమున్న ఇంటి యజమాని అమెరికాలో కొడుకు దగ్గర ఉండేవారు. సిలిండరు తెచ్చినతను అడిగే డెలివరీ కోడ్ ఆయన ఫోనుకే వెళ్ళేది. మనకు పగలైతే అక్కడ అర్ధరాత్రి కాబట్టి ఆయన లేచి చెప్పేలోపు బండి మరో వీధికి వెళ్ళిపోయేది. అంతవరకు సర్దుకుపోవచ్చు. ఒకరోజు రాత్రి వంట మధ్యలో గ్యాస్ అయిపోయి కొత్త సిలిండరుకు రెగ్యులేటరు బిగించగానే గుప్పున వాసన కొట్టింది. రెగ్యులేటరు తీసేసినా వాల్వు దగ్గర సన్నగా బుస్సుమంటూనే ఉంది. దారంతో వేలాడే ప్లాస్టిక్ మూతను నొక్కి బిగిస్తే ఆ చప్పుడు ఆగింది. కిటికీలు, తలుపులు తెరిచి, ఓనరు గారికి ఫోన్ చేస్తే, “కంగారు పడకు బాబూ, ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యి” అన్నారు. గ్యాస్ వాసన ఉన్న గదిలో ఏ స్విచ్ వేసినా, ఆపినా నిప్పురవ్వ పుట్టవచ్చు. “వద్దంకుల్, స్విచ్ ముట్టుకోకూడదు” అని పెట్టేసి, మెట్ల మీదికి వచ్చి 1906కు ఫోన్ చేశాను. గ్యాస్ లీకుల కోసమే ఉన్న ఆ నంబరు ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. దాన్ని ఫోన్‌లో ఇప్పుడే దాచుకోండి.

వచ్చిన మెకానిక్ వాల్వు లీకవుతున్న ఆ సిలిండరును మార్చి, సబ్బు నురగ రాసి బుడగలు రావడం లేదని చూపించాడు. ఆ తర్వాత సిలిండరు పెట్టిన చెక్క అర వైపు చూసి తల పట్టుకున్నాడు. బొద్దింకలు రాకుండా ఓనరు గారు అర కింది రంధ్రాలను అట్టముక్కలతో మూయించారు. వంటగ్యాస్ గాలి కంటే బరువు కాబట్టి లీకైతే నేల మీదే పేరుకుంటుంది, ఆ రంధ్రాలు ఉన్నది అది బయటికి పోవడానికే. ట్యూబు మీద ముద్రించిన గడువు కూడా దాటిపోయింది. ఐదేళ్ళకోసారి మార్చాల్సిన ట్యూబును ఓనరు గారు అలాగే వదిలేశారు. “ట్యూబు మారుస్తాను, కానీ బుక్కు ఎవరి పేరు మీద ఉంది సార్?” అన్న మెకానిక్ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆ బుక్కు తాళం వేసిన బీరువాలో ఉంది.

అసలు ఓనర్లు తమ కనెక్షన్ వాడుకోమనేది ఔదార్యంతో కాదని, రీఫిల్ తీసుకోకపోతే అది ఎక్కడ ఆగిపోతుందోనని మన వంటతో దాన్ని బతికించుకుంటున్నారని నా గట్టి నమ్మకం. బీమా సంగతి చూడండి: ప్రమాదంలో ఆస్తి నష్టానికి చమురు కంపెనీల బీమా కనెక్షన్ నమోదైన చిరునామాకే వర్తిస్తుంది. ఓనరు గారి కనెక్షన్ ఆయన పాత ఇంటి చిరునామాతో ఉంటే మీ వంటగది కాలిపోయినా దానికి లెక్కలోకి రాదు.

కొత్త కనెక్షన్‌కు ఆధార్, అద్దె ఒప్పందం ఉంటే చాలు. 14.2 కిలోల సిలిండరు డిపాజిట్‌ను 2022 జూన్‌లో 2,200 రూపాయలకు పెంచారు. ఊరు మారేటప్పుడు సిలిండరు, రెగ్యులేటరు అప్పగిస్తే మీ డిపాజిట్ తిరిగి వస్తుంది. సిలిండరు ఇంటికి తెచ్చినందుకు మూడో అంతస్తని, లిఫ్టు లేదని అదనంగా అడుగుతారు. బిల్లులోనే డెలివరీ ఖర్చు కలిసి ఉంటుందని మర్యాదగా చెప్పి, మూత సీలు చూసి, తూకం వేయించుకుని తీసుకోండి.

ఇక ఒప్పందం రాయించడానికే కొందరు ఓనర్లు వెనకాడతారు. మీరు అడ్వాన్సు ఇచ్చే ముందే ఆ మాట తేల్చుకుని, ఇంటి నంబరును పోర్షన్‌తో సహా రాయించుకోండి, ఎందుకంటే గ్యాస్ ఏజెన్సీలో ముందుగా చూసేది ఆ చిరునామానే.