ములికికి మొద్దుతనం ఉండవచ్చునా?

సందేహం: సంప్రదాయ విల్లుతో కుందేళ్ళు, ఉడుతలు, పిట్టలు వంటివాటిని వేటాడేవారు బాణానికి ఎటువంటి మొనను ఎంచుకోవాలో వివరిస్తూ ఒక వ్యాసం రాస్తున్నాను. వాడి లేకుండా గుండ్రంగానో చదునుగానో ఉండే రకాన్ని ‘మొద్దు ములికి’ అన్నాను. ములికి అంటేనే వాడిగా ఉండేది కనుక ‘మొద్దు ములికి’ అనడం ‘చల్లని నిప్పు’ అన్నట్లుందని ఒక మిత్రుడు ఆక్షేపించారు. ‘మొండి బాణం’ అనడం మేలని మరొకరు సూచించారు. మొన, ములికి, అలుగు మూడూ ఒకటేనా? వేటకు చిక్కే ఈ ప్రాణులను ‘చిన్న మృగాలు’ అనవచ్చునా? ‘ములికిలు’ అన్న బహువచనం సరైనదేనా?

సమాధానం: మీ మిత్రుని ఆక్షేపణకు ఆధారం లేకపోలేదు. ములికికి ముల్లుతో ఉన్న చుట్టరికం చెవికే తెలుస్తుంది. ఎడ్లను అదలించే, చివర ముల్లు దిగవేసిన కర్ర ములుకోల. మనసుకు గుచ్చుకొనే మాటలను ములుకుల్లాంటి మాటలంటాం. అయితే పదం పుట్టినప్పటి అర్థం దాని వాడుకకు శాశ్వతమైన సంకెల కాదు. నువ్వుల నెయ్యి నూనె అయింది. ఆ పదం పుట్టుకలోనే నువ్వులున్నాయి. అయినా కొబ్బరినూనె, ఆముదపునూనె అన్నప్పుడు ఎవరికీ అది విరుద్ధంగా తోచదు. సంస్కృతంలో తిలల నుంచి వచ్చిన తైలానిదీ ఇదే కథ. బాణం చివర బిగించే ముక్కకు ములికి అన్న పేరు స్థిరపడిన తరువాత, ఆ ముక్క వాడిగా ఉన్నా లేకున్నా ఆ పేరు దానికి చెల్లుతుంది. కనుక మీ ‘మొద్దు ములికి’లో తప్పు లేదు.

‘మొండి బాణం’ మాత్రం నాకు సమ్మతం కాదు. మొండి అన్న మాటలో ఉండవలసినదేదో తెగిపోయిందన్న భావం ఉంది. మొండిచెయ్యి, మొండిగోడ, తల తెగిన మొండెం, వీటన్నిటిలోనూ లోపమే ప్రధానం. మొండి బాణమంటే ములికి ఊడిపోయిన బాణమేమోనని చదువరి అనుకొనే అవకాశం ఉంది. ‘మొక్కపోయిన బాణం’ అన్నా కుదరదు, ఎందుకంటే మొక్కపోవడమంటే ఉన్న వాడి పోవడం. ‘మొక్కవోని ధైర్యం’ అని నిత్యం రాసేవారిలో కూడా ఆ మొక్కకు చెట్టుచేమలతో సంబంధం లేదని, వాడి తరగని ధైర్యమన్నదే దాని అర్థమని గమనించినవారు తక్కువ. మీరు చెబుతున్న ములికి వాడి పోగొట్టుకొన్నదీ కాదు, విరిగినదీ కాదు. మొద్దుగా ఉండాలనే మొద్దుగా చేసినది. కట్టెమొద్దులో ఉన్న మొద్దు అదే: మందంగా, బరువుగా, నిండుగా ఉండేది. మూడు మాటల్లో మీరు ఎన్నుకొన్నదే సరైనది.

మొన, ములికి, అలుగు ఒకటి కావు. నిఘంటువులు ఒకదానికి మరొకటి అర్థంగా ఇచ్చినా, మీ వంటి వ్యాసంలో వాటిని కలగాపులగంగా వాడితే విషయమే చెడుతుంది. పదాలను నిర్ణయించే ముందు వస్తువును చూడడం మంచిదనిపించి, విలువిద్య అభ్యసించే ఒక మిత్రుని దగ్గర నాలుగు రకాలను అరచేతిలో పెట్టుకొని చూశాను. మొదటిది గురి సాధనకు వాడే ఉక్కు ములికి; తుపాకి గుండులా నున్నగా సాగి, చివర సూదిగా ముగుస్తుంది. రెండవది పలుచని ఉక్కు రేకు. రెండు అంచులూ ఎంత పదునుగా ఉన్నాయంటే ముంజేతిమీద ఆనించి తేలికగా జరిపితే వెంట్రుకలు రాలాయి. మూడవది రబ్బరుది, దాని ముఖం చదునుగా ఉంది, బొటనవేలితో గట్టిగా నొక్కితే వేలిమీద గుండ్రని అచ్చు పడిందే తప్ప ఎక్కడా గుచ్చుకోలేదు. నాలుగవది మొద్దుదే కాని, దాని చుట్టూ నాలుగు స్ప్రింగు తీగలు కాళ్ళలా బయటికి చాచుకొని ఉన్నాయి.

ఈ నాలుగింటికీ మొన ఉంది, ఎందుకంటే మొన అనేది వస్తువు పేరు కాదు, చోటు పేరు. కత్తికి, సూదికి, చివరికి సేనకు కూడా మొన ఉంటుంది. సేన మొనలో నిలిచేవాడే మొనగాడు. ములికి బాణం మొనకు విడిగా చేసి తొడిగే ముక్క. అలుగు అంచు గలది, కోసేది. బాణానికే కాక ఈటె వంటి ఆయుధాల అంచుకూ ఆ పేరుంది. చెరువు అలుగుతో తికమక పడతారేమోనన్న భయం అక్కరలేదు, సందర్భమే దారి చూపుతుంది. మొదటిదాన్ని ములికి అని, రెండవదాన్ని అలుగు అని, మూడవదాన్ని మొద్దు ములికి అని రాయండి. నాలుగవదానికి ‘జూడో’ అన్న పేరు వేటగాళ్ళలో పాతుకుపోయింది కాబట్టి దాన్ని అలాగే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట ‘తీగకాళ్ళ ములికి’ అని వివరిస్తే చాలు. గురి తప్పిన బాణం గడ్డి కిందికి పాములా దూరి కనబడకుండా పోకుండా, ఆ కాళ్ళు గడ్డిని పట్టి బాణాన్ని పైకి లేపుతాయి. పేరులో కాళ్ళు కనిపిస్తే ఆ పనీ అర్థమవుతుంది.

ఒక మినహాయింపు ఉంది. ములికిని విడిగా తొడగకుండా, కొయ్యను చెక్కేటప్పుడే బాణం చివరను ఉబ్బెత్తుగా వదిలేసే పద్ధతి చాలా పాతది. సైబీరియా వేటగాళ్ళు ఉడుతల వంటి బొచ్చు జంతువులను చర్మం చిరగకుండా పడగొట్టడానికి ఇటువంటి బాణాలు వాడేవారు. వీటికి తొడిగిన ముక్క ఏదీ లేదు గనుక ములికి అన్న మాట నప్పదు. గుబ్బ అనండి, బాణం మొత్తాన్ని చెప్పాలంటే ‘గుబ్బకోల’ అనండి. కోల అంటే కర్ర, బాణం కూడా. రెండర్థాలూ ఇక్కడ చక్కగా కలిశాయి.

మీరు అడగకపోయినా, మీ వ్యాసంలో నన్ను ఎక్కువగా ఆపినవి క్రియలు. ‘మొద్దు ములికి కుందేలులోకి దూసుకుపోయి చంపుతుంది’ అని ఒకచోట రాశారు. మొద్దు ములికి దూసుకుపోదు, మోదుతుంది. దాని ప్రయోజనమంతా ఆ మోదడంలోనే ఉంది. సన్నని ములికి చిన్న జంతువును తాకితే, ఒకవైపు దిగి మరొకవైపు బయటపడి చిన్న రంధ్రం మాత్రమే చేయవచ్చు. ఆ గాయంతోనే జంతువు పొదల్లోకి పారిపోయి, ఎవరికీ దొరకకుండా బాధపడి చస్తుంది. మొద్దు ములికి తన ఊపునంతా తగిలిన చోటనే దించి, దెబ్బ అదురుతోనే ప్రాణం తీస్తుంది. అయితే తక్కువ బలం గల విల్లుతో వేస్తే ఆ అదురు చాలకపోవచ్చు; అప్పుడు కోసే అలుగే దయగల ఎంపిక. ఈ భేదాన్ని మోయవలసినది క్రియ: ములికి గుచ్చుకొంటుంది, అలుగు కోస్తుంది, మొద్దు ములికి మోదుతుంది. కొమ్మమీది ఉడుతకు గురిపెట్టినప్పుడు కూడా ఇదే తేడా పనిచేస్తుంది. వాడి ములికి చెట్టులో నాటుకొని అక్కడే ఉండిపోతుంది, మొద్దుది చెట్టుకు కొట్టుకొని కింద పడుతుంది. నాటుకోవడం, కొట్టుకోవడం అన్న రెండు మాటలతోనే మీరు ఒక పేరా వివరణను తప్పించవచ్చు.

మొన తీరును బట్టి పేరు పెట్టే అలవాటు మనకు కొత్తది కాదు. ధనుర్వేద సంప్రదాయం బాణాల మొనలను సూచీముఖం (సూదిమొన), అర్ధచంద్రం, వత్సదంతం (దూడపన్ను), కాకతుండం (కాకిముక్కు) అని ఆకారాన్ని బట్టి వేరు చేసింది. వాటిలో క్షురప్రం మంగలికత్తి వంటి అంచు గలది. క్షురకుడు, క్షురకర్మ అన్న మాటల్లోని క్షురమే ఇదీ. ద్రోణుడు పెట్టిన పరీక్షలో చెట్టుమీది పక్షిబొమ్మ తలను అర్జునుడు తెగవేసినది క్షురంతోనేనని వ్యాసభారతం చెబుతోంది. తల తెగిపడాలంటే గుచ్చే మొన చాలదు, కోసే అంచు కావాలన్న ఎరుక ఆ ఒక్క మాటలో ఉంది. బాణానికి పర్యాయపదమైన విశిఖాన్ని శిఖ, అంటే కొన, లేనిదని విడదీసే వీలు ఉన్నా, దాన్ని మొద్దు ములికికి పేరుగా పెట్టమని నేను చెప్పను. అమరకోశం నాటికే అది బాణాలన్నిటికీ సామాన్యనామం.

‘చిన్న మృగాలు’ వద్దు. సంస్కృతంలో మృగమంటే వేటకు తగిన జంతువని, ప్రత్యేకించి లేడి అని అర్థాలున్నాయి గాని, నేటి తెలుగులో మృగం అనగానే పులో సింహమో కళ్ళముందు నిలుస్తుంది. మనిషిని మృగమంటే తిట్టు. ‘చిరుజంతువులు, పిట్టలు’ అని విడివిడిగా రాయండి. ఆ పనిని ఒక్క మాటలో చెప్పవలసి వస్తే ‘చిన్నవేట’ సరిపోతుంది.

ములికి బరువు చెబుతూ ‘125 గింజల బరువు’ అన్నది మార్చండి. ఆ కొలత పేరు ధాన్యపు గింజ నుంచి వచ్చినదే అయినా, తెలుగు చదువరి నిజమైన గింజలనే లెక్కపెట్టుకొంటాడు. ‘125 గ్రెయిన్లు, అంటే సుమారు 8.1 గ్రాములు’ అనండి. గురి సాధనకు వాడే ములికి, వేటకు వాడే ములికి ఒకే బరువున్నవి తీసుకోవాలన్న మీ సలహా విలువైనది. బరువు మారితే బాణం పోయే తీరు మారుతుంది. అదే పేరాలో కోల వంగకుండా నిలిచే గుణాన్ని, ఇంగ్లీషులో దాన్ని స్పైన్ అంటారు కనుక, ‘బాణపు వెన్నెముక’ అన్నారు. ‘కోల బిగువు’ అంటే, ములికి బరువు పెరిగినకొద్దీ వదిలిన క్షణాన కోల ఎక్కువగా వంగుతుందన్న మాట వెంటనే బోధపడుతుంది.

ఇక బహువచనం. మనిషి మనుషులు అయినట్లే, కత్తి కత్తులు అయినట్లే, ములికి ములుకులు అవుతుంది. ‘ములికిలు’ తప్పు. మీ వ్యాసంలోని మొదటి వాక్యాన్ని ఇలా దిద్దుకోండి: ‘చిన్నవేటకు వెళ్ళే విలుకాడు తన అమ్ములపొదిలో గుచ్చే ములుకుల కన్నా మోదే ములుకులనే ఎక్కువగా ఉంచుకోవాలి; విల్లు బలం తక్కువైతే వాటి స్థానంలో పదునైన అలుగులను తొడగాలి.’