గాలి మీటరులో దేనికి డబ్బు పెట్టాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి పాయింట్ టూ టూ రైఫిల్‌తో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చడం) నేర్చుకుంటున్నాడు. చేత్తో పట్టుకునే గాలి మీటరు ఒకటి కొనమని కోచ్ గారు చెప్పారు. రెండు మూడు వేలవీ ఉన్నాయి, యాభై వేలు దాటినవీ ఉన్నాయి. ఏది తీసుకోమంటారు?
– ఒక తల్లి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: యాభై వేలది వద్దండి. 50 మీటర్లకు కావలసింది గాలి వేగం ఒక్కటే. ప్రెషర్, తేమ, బుల్లెట్ లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ ఆ దూరంలో దండగ. జనవరి తెల్లవారుజాముతో పోలిస్తే మే మధ్యాహ్నం విశాఖ గాలి సాంద్రత సుమారు 7 శాతం తక్కువ. దానివల్ల 50 మీటర్ల దగ్గర బుల్లెట్ ఎత్తులో వచ్చే తేడా మిల్లీమీటరు కూడా ఉండదు. అదే పక్కగాలి సెకనుకు 1 మీటరు ఉంటే చాలు, బుల్లెట్ 5, 6 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. టార్గెట్ మీద పది రింగు మొత్తం వెడల్పే 10.4 మిల్లీమీటర్లు. ఆ తర్వాత రింగుకూ రింగుకూ మధ్య 8 మిల్లీమీటర్లు. చెంపకు తగిలీ తగలనట్టుండే గాలి కూడా మార్కు తినేస్తుందన్నమాట.

అందుకే అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసిన గరిష్ఠ వేగం చూసి మురిసిపోకండి. తుపానులో ఎవరూ షూటింగ్ చేయరు. మీటరులోని చిన్న ఫ్యాను ఎంత గాలికి తిరగడం మొదలెడుతుందో అది చూడండి. కెస్ట్రెల్ లాంటి పేరున్న కంపెనీల మీటర్లలో అది సెకనుకు 0.6 మీటరు. చవక రకాల్లో కొన్ని అంతకంటే ఎక్కువ గాలి ఉంటే గానీ కదలవు. అప్పటిదాకా తెర మీద సున్నాయే ఉంటుంది. ఆ సున్నాకు అర్థం గాలి లేదని కాదు, ఫ్యాను ఇంకా నిద్ర లేవలేదని. దీనితోపాటు సెకనుకు 0.1 మీటరు వరకు చూపించాలి, సగటు చూపించాలి, ఫ్యాను విడిగా మార్చుకునే వీలుండాలి. ఈ మూడూ ఉన్న మామూలు మోడల్ చాలు.

ఒక సంగతి ముందే చెప్పాలి. పోటీలో ఈ మీటరు పనికిరాదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐ.ఎస్.ఎస్.ఎఫ్. నిబంధనల ప్రకారం షూటర్ తన సొంత గాలి సూచికలేవీ వాడకూడదు. రేంజ్ వాళ్లు 10 మీటర్ల దగ్గర, 30 మీటర్ల దగ్గర కట్టిన జెండాలే దిక్కు. మరి మీటరు ఎందుకంటే, ఆ జెండాల భాష నేర్చుకోవడానికి. ఫైరింగ్ ఆపి, రేంజ్ ఆఫీసర్ ముందుకు వెళ్లనిచ్చినప్పుడు అబ్బాయిని 10 మీటర్ల జెండా పక్కన నిలబెట్టండి. మీటరును జెండా ఎత్తులో, చెయ్యి బాగా చాచి పట్టుకోవాలి. ఒంటికి దగ్గరగా పెట్టుకుంటే మనిషే గాలికి అడ్డం. పది సెకన్ల సగటు తీసి, అప్పుడు జెండా ఎంత వాలుగా లేచిందో దాని ఎదురుగా రాసుకోవాలి. వేర్వేరు రోజుల్లో ఇలాంటివి ఓ ముప్పై రాస్తే సొంత పట్టిక తయారవుతుంది. నోటుబుక్కులో రెండు గళ్లు గీయమనండి, పొడి జెండాకు ఒకటి, తడి జెండాకు ఒకటి. మన దగ్గర పొద్దున్న ఆరున్నరకు నూలు జెండా మంచుకు తడిసి బరువెక్కి ఉంటుంది. పది గంటలకు లేచినంత అప్పుడు లేవదు. గాలి అంతే ఉన్నా తక్కువని మోసపోతాం.

ప్రశ్న: 300 మీటర్లు, అంతకు పై దూరాలకు ఫోన్‌లోని బాలిస్టిక్ యాప్ (బుల్లెట్ దారిని లెక్కగట్టేది) వాడుతున్నాను. ప్రెషర్ వాతావరణ యాప్ నుంచి తీసుకుంటాను. విశాఖలో లెక్క సరిపోతుంది. ఎత్తయిన ఊళ్లలో మాత్రం బుల్లెట్ పైకి పోతోంది. మీటరు కొంటే ఈ బాధ తీరుతుందా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: తీరుతుంది, కానీ సెట్టింగ్ సరిచేస్తేనే. వాతావరణ యాప్ చెప్పేది సముద్ర మట్టానికి సవరించిన ప్రెషర్. బుల్లెట్‌కు తగిలేది మీరు నిలబడ్డ చోట నిజంగా ఉన్న ప్రెషర్, దాన్నే స్టేషన్ ప్రెషర్ అంటారు. గాజువాకలో ఈ రెండూ దాదాపు ఒకటే కాబట్టి తప్పు బయటపడలేదు. సముద్రం పక్కన ఉండేవాళ్లందరినీ ఇది ఇలాగే దాగుడుమూతలు ఆడిస్తుంది.

అరకు ఎత్తు సుమారు 910 మీటర్లు. అక్కడ వాతావరణ యాప్ 1010 హెక్టోపాస్కల్స్ (ప్రెషర్ కొలత) అంటున్నా, నిజమైన ప్రెషర్ 908 దరిదాపుల్లో ఉంటుంది. గాలి పదో వంతు పలచన. మీరు 1010 ఎక్కిస్తే, లేని గాలి అడ్డుపడుతుందనుకుని బాలిస్టిక్ యాప్ ఎక్కువ క్లిక్కులు (గురిని పైకి జరిపే మెట్లు) ఇస్తుంది. పాయింట్ త్రీ నాట్ ఎయిట్ రైఫిల్‌లో 300 మీటర్ల దగ్గర ఈ తేడా ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లే. వెయ్యి గజాలకు వెళితే అర మీటరు దాటుతుంది.

కెస్ట్రెల్‌లో ప్రెషర్ చూపే బారోమీటర్ తెరకు రిఫరెన్స్ ఎత్తు సున్నా పెడితే స్టేషన్ ప్రెషరే కనిపిస్తుంది. ఏ మీటరైనా సరే, కొన్న రోజునే అపార్ట్‌మెంట్ లిఫ్టు ఎక్కి చూడండి. పది అంతస్తులకు, అంటే సుమారు 30 మీటర్లకు, మూడు నుంచి మూడున్నర హెక్టోపాస్కల్స్ తగ్గాలి. ఇక తెర మీద అంకెతోపాటు అది ఏ ప్రెషరో చెప్పే మాట కూడా చదవండి. స్టేషన్ ప్రెషర్ ఇచ్చినప్పుడు యాప్‌లో మళ్లీ ఎత్తు ఎక్కించి రెండుసార్లు తగ్గించకూడదు.

వాతావరణ యాప్‌లోని గాలి వేగాన్ని కూడా నమ్మకండి. వాతావరణ కేంద్రాలు గాలిని నేలకు 10 మీటర్ల ఎత్తున కొలుస్తాయి. మీ బుల్లెట్ అంత ఎత్తున పోదు.

ప్రశ్న: విశాఖలో ఇంత ఉక్కపోత. గాలి బరువెక్కి బుల్లెట్ తొందరగా పడిపోతుందంటారు, నిజమేనా?
– ఒక విద్యార్థి, మధురవాడ

జవాబు: కాదు. నీటి ఆవిరి గాలికంటే తేలిక. తేమ పెరిగితే గాలి పలచబడుతుంది. అదీ కొంచెమే, మే నెల ఉక్కలో కూడా ఒక శాతం పైచిలుకు. తేమ సెన్సర్ ఎంత ఖచ్చితమైనదో అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. వేడి ప్రభావమే పెద్దది. 35 డిగ్రీలు, 1005 హెక్టోపాస్కల్స్, ఒళ్లంతా జిడ్డు చేసే తేమ, ఈ మూడూ కలిస్తే డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పలచదనాన్ని బట్టి లెక్కగట్టే ఎత్తు) 900 మీటర్ల దగ్గరికి వస్తుంది. నిలబడింది బీచ్ రోడ్డులోనే, బుల్లెట్‌కు మాత్రం అరకు ఎత్తు. ఏసీ కారులోంచి తీసిన మీటరును వెంటనే నమ్మకండి. చల్లటి ఒంటి మీద తేమ పట్టి అంకెలన్నీ తప్పుతాయి. నీడలో పావుగంట ఉంచి చూడండి.

ప్రశ్న: రెండేళ్లకే నా మీటరు తక్కువ చూపిస్తోంది. ఉప్పుగాలి వల్లేనా? ఫ్యానుకు నూనె వేయవచ్చా?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: నూనె వేయకండి, దుమ్మూ ఉప్పూ దానికే అతుక్కుంటాయి. ముందు ఫ్యాను మీద మెల్లగా ఊదండి. బాగున్న ఫ్యాను మెత్తగా తిరిగి, నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఆగుతుంది. టక్కున ఆగినా, ఆగే ముందు వణికినా ఇరుసు దగ్గర ఏదో పట్టుకుందన్నమాట. భూతద్దం పెట్టి చూడండి. చాలాసార్లు చుట్టుకున్న వెంట్రుకో, జేబులోంచి వచ్చిన నూలు పోగో ఉంటుంది. పట్టకారుతో తీసి, నీళ్లు పడినా ఫరవాలేదని రాసి ఉన్న మోడలైతే మంచినీళ్లు సన్నగా పోసి కడిగి నీడన ఆరబెట్టండి. పంక్చర్ షాపు ఎయిర్ గొట్టం పెట్టారంటే అంతే సంగతులు, ఫ్యాను మితిమీరిన వేగంతో తిరిగి బేరింగులు పోతాయి. కడిగినా మారకపోతే కొత్త ఫ్యాను వేయాల్సిందే. బీచ్ దగ్గర వాడిన ప్రతిసారీ కడిగితే ఇంతదూరం రాదు.

ప్రశ్న: పక్కగాలిని తానే లెక్కగట్టే దిక్సూచి మోడల్‌కు అంత ఎక్కువ పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: ఒకే రేంజ్‌లో వాడేవారికి అనవసరం. మీటరును అటూ ఇటూ తిప్పి, ఎక్కడ ఎక్కువ చూపిస్తే గాలి అటునుంచి వస్తోందని తెలుసుకోవచ్చు. అది బుల్లెట్ దారికి 30 డిగ్రీల్లో ఉంటే వేగంలో సగం, 45లో ఉంటే 0.7 వంతు, 60లో ఉంటే దాదాపు 0.9 వంతు, 90లో ఉంటే మొత్తం లెక్కలోకి తీసుకోండి. దిక్సూచి ఉన్నదే కొంటే లిథియం బ్యాటరీ వేయండి. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ మీటరును నిటారుగా పట్టుకుని మూడు చుట్లు తిప్పి కాలిబ్రేట్ చేయాలి. ఇది మరిచిపోతే పక్కగాలి అంకె పూర్తిగా తప్పు. కారు బానెట్ మీద, రైఫిల్ పక్కన పెట్టి చేసినా అంతే.