చెరువులో చేపలు చచ్చాయి, కేసు పెడతామంటున్నారు – తప్పు వానదా, నాదా?

సందేహం: మాది అనంతపురం జిల్లా ఉరవకొండ దగ్గర పల్లె. వంక పక్కన వాలులో 3 ఎకరాల నల్లరేగడిలో మిరప పెట్టాను. పైరు వయసు 60 రోజులు. నాటేటప్పుడు ఎకరాకు 2 బస్తాల డి.ఎ.పి. వేశాను. పోయిన వారం మళ్లీ ఎకరాకు ఒక బస్తా డి.ఎ.పి., 2 బస్తాల యూరియా పైన చల్లాను. పై ముడత (ఆకులు పైకి ముడుచుకోవడం) వచ్చిందంటే మందుల అంగడాయన నాలుగు మందులు కలిపి కొట్టమన్నాడు. ఒకటి ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ కలిసిన మందు, మిగతావి గుర్తు లేవు. సాయంత్రం డ్రమ్ము, పంపులు వంక కల్వర్టు కింద నిలిచిన నీళ్లలో కడిగాం. ఆ రాత్రే పెద్ద వాన పడి వంక పారింది. మరుసటి రోజు చెరువులో వంక కలిసే చోట చేపపిల్లలు, కప్పలు చచ్చి తేలాయి. నా యూరియా వల్లే చచ్చాయని, నష్టం కట్టకపోతే కేసు పెడతామని చేపల సంఘం వాళ్లు అంటున్నారు. ‘వాన నీళ్లకు కేసేంది, కేసులు ఫ్యాక్టరీలకే’ అని అంగడాయన చెబుతున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. ఇటు మిరప కూడా పసుపు పచ్చగా మారింది. ఇంకో బస్తా యూరియా వేయాలా?

సలహా: యూరియా వేయకండి. దాని సంగతి చివర చెబుతాను.

చేపలు చచ్చింది యూరియా వల్ల కాదని నా అనుమానం. సంఘం వాళ్లదీ, మీదీ ఇద్దరిదీ పొరపాటే. ఎరువు ఎక్కువై నీళ్లు పచ్చబడి ఊపిరాడక చచ్చే చేపలు తెల్లవారుజామున నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు ముందు పోయేవి పెద్ద చేపలు. పైగా అందుకు రోజులు పడుతుంది, ఒక్క రాత్రిలో జరిగే పని కాదు. మీరు రాసింది వేరు. చేపపిల్లలు, కప్పలు, అదీ వంక కలిసే చోటే పోయాయి. ఇది పురుగుమందు లక్షణం. సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు చేపలకు ఎంత విషమంటే, నీటిలో వంద కోట్ల వంతుల్లో కొన్ని వంతులు కలిసినా తట్టుకోలేవు. ప్రొఫెనోఫాస్ కూడా చేపలకు తక్కువ విషమేమీ కాదు. ఇది ఉత్తరం చదివి చెప్పే మాటే, పరీక్షలో తేలేదాకా అనుమానమే.

ఇక చట్టం. కేసులు ఫ్యాక్టరీలకే అన్న మాట తప్పు. నీటి కాలుష్య నివారణ చట్టం 1974లో వచ్చింది. దాని 24వ సెక్షన్ ఫ్యాక్టరీ అనదు, ‘ఏ వ్యక్తీ’ అంటుంది. విషపదార్థాన్ని తెలిసి, నేరుగా గానీ పరోక్షంగా గానీ, ప్రవాహంలోకి లేదా బావిలోకి పోనివ్వకూడదు. ఆ చట్టంలో ప్రవాహం అంటే ఏడాదంతా పారే ఏరొక్కటే కాదు, ప్రస్తుతానికి ఎండి ఉన్న వాగు వంక కూడా అందులోకే వస్తుంది. మన జిల్లాలో పది నెలలు ఇసుకే కనపడే వంకను ‘ఇది వంకా, దారా’ అనుకునే వాళ్లకు ఈ ముక్క బాగా తెలియాలి. ఫ్యాక్టరీకి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి, పొలానికి అక్కర్లేదు. అంగడాయన ఈ ఒక్క తేడా పట్టుకుని మొత్తం చట్టాన్నే కొట్టేస్తున్నాడు.

ఇందులో మీరు పట్టుకోవాల్సిన మాట ‘తెలిసి’ అన్నది. రాత్రి పడిన వాన పొలంలోని మట్టిని, ఎరువును కొట్టుకుపోయింది. ఆ వంక పొడవునా ఎన్ని మళ్లున్నాయో, అందరి నీళ్లూ అందులోనే కలిశాయి. ఫలానా మిరప మడి నుంచే వచ్చిందని, అదీ మీరు తెలిసి పంపారని తేల్చడం తేలిక కాదు. డ్రమ్ము కడిగిన సంగతి అలా కాదు. ఆ పని వాన చేయలేదు. ఇలాంటి మందుల సీసాతో వచ్చే కరపత్రంలో చేపలకు విషమని, నీళ్లలో కలపొద్దని రాసి ఉంటుంది. చదవలేదన్నది జవాబు కాదు. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ భయం పుట్టించింది ఆ ఒక్క వాక్యమే, మీరేమో దాన్ని మాటవరసకు రాశారు.

అందరూ వాడుకునే జలాశయాన్ని కావాలని పాడుచేస్తే భారతీయ న్యాయ సంహిత 279వ సెక్షన్ కూడా ఉంది: 6 నెలల వరకు జైలు, లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నష్టపరిహారం దారి వేరు. మన రాష్ట్రం వ్యవహారాలు చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి కిందికి వస్తాయి. 2010 నాటి ఆ ట్రిబ్యునల్ చట్టంలో ‘కలుషితం చేసినవాడే కట్టాలి’ అన్న సూత్రం రాసే ఉంది. తమిళనాడు తోళ్ల కర్మాగారాల కేసులో సుప్రీంకోర్టు 1996లోనే దాన్ని దేశ చట్టంలో భాగమని చెప్పింది. పరిహారం అడగడానికి 5 ఏళ్ల గడువు ఉంటుంది కాబట్టి నాలుగు రోజులు కనపడకుండా తిరిగితే చల్లారే గొడవ కాదిది. మూడెకరాల రైతును అక్కడిదాకా ఈడుస్తారని నేననుకోను. కానీ నష్టం అడిగే హక్కు మాత్రం సంఘానికి ఉంది.

నేను వకీలును కాను. అనంతపురం కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. కేసు పడక ముందే లోక్ అదాలత్‌లో కూర్చుని మాట్లాడుకోవచ్చు. సంఘం వాళ్లు తెచ్చిన తెల్ల కాగితం మీద సంతకం పెట్టకండి. ‘నేనేం చేయలేదు’ అని కూడా దబాయించకండి, డ్రమ్ము కడగడం చూసినవాళ్లు ఊర్లో ఉండే ఉంటారు. మత్స్యశాఖ వాళ్లను మీరే పిలిపించండి. వాళ్ల సమక్షంలో వంక మూతి దగ్గర ఒకటి, చెరువు నడుమ ఒకటి నీటి నమూనాలు తీసి, ఐసులో పెట్టి పంపాలి. ఎవరికి వారు నింపుకున్న సీసాకు రేపు విలువ ఉండదు. ఇప్పటికే రోజులు గడిచాయి, ఇంకా ఆలస్యమైతే దొరికేదేమీ ఉండదు. చచ్చిన చేపలను ఎవరూ తినకుండా, నమూనా ఫలితం వచ్చేదాకా గొడ్లు ఆ మూల నీళ్లు తాగకుండా చూడండి.

ఇప్పుడు అంగడాయన సంగతి. బిల్లు తీసుకున్నారా? లేదని నాకు తెలుసు, ఎవరూ తీసుకోరు. బిల్లు లేకపోతే ఆయన ఏ మందు ఇచ్చాడో రేపు మీరు రుజువు చేయలేరు, కొట్టింది మాత్రం మీరేనని రుజువవుతుంది. నోటి సలహాకు రుజువు ఉండదు. నాలుగు మందులు కలిపి కొట్టమని ఏ పరిశోధనా స్థానమూ చెప్పదు. పై ముడత తెచ్చే తామర పురుగుకు పైరిత్రాయిడ్ కొడితే దాన్ని తినే మిత్రపురుగులు ముందు చస్తాయి, తర్వాత తామర పురుగు, నల్లి ఇంకా ఎగబడతాయి. పది రోజులకు మీరు మళ్లీ అదే అంగడికి పోతారు.

ఎరువు లెక్క కూడా చూసుకోండి. నీటి వసతి కింద మిరపకు సిఫారసు ఎకరాకు 120 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 48 కిలోల పొటాష్. ఒక డి.ఎ.పి. బస్తాలో భాస్వరం 23 కిలోలు ఉంటుంది. అంటే ఒక్క బస్తాతో పంటకాలమంతటికీ సరిపోయింది. మీరు వేసింది 3 బస్తాలు, 69 కిలోలు. పొటాష్ ఒక్క గింజ వేసినట్టు లేదు. భాస్వరం మట్టిని పట్టుకుని ఉంటుంది, మట్టి కొట్టుకుపోతే దాంతోపాటే చెరువు చేరుతుంది. రేపు వేసవిలో చెరువు పచ్చ రంగు తిరిగితే అందులో మీ డబ్బు కూడా ఉంటుంది. మట్టి పరీక్ష చేయించి ఎన్నేళ్లయింది? ఈ పంట తీయగానే, ఎరువు వేయకముందే, రైతు సేవా కేంద్రం ద్వారా నమూనా పంపండి.

పసుపు పచ్చకు కారణం ఎరువు లేకపోవడం కాదు. రేగడిలో నీళ్లు నిలిచి వేళ్లకు గాలి ఆడటం లేదు. మొదట కాలువలు తీసి నీటిని బయటికి పంపండి, అయితే నేరుగా వంకలోకి కాదు, పొలం కింది మూలన గుంత తీసి అందులోకి. నేల ఆరాక 13-0-45 (పొటాషియం నైట్రేట్) ఎరువును లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున, వారం తేడాతో 2 సార్లు పిచికారీ చేయండి. మొక్కలు వడలుతుంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదళ్లు తడపండి. ఇది కూడా చేపలకు మంచిది కాదు, వాన సూచన ఉన్న రోజు వద్దు. పై ముడతకు ఎకరాకు 25–30 నీలిరంగు జిగురు అట్టలు పెట్టి, వేపనూనె 1500 పి.పి.ఎం. లీటరుకు 5 మి.లీ. కొట్టండి. కొమ్మను తెల్ల కాగితం మీద తట్టి చూడండి, పురుగు నిజంగా ఉంటేనే మందు మాట.

వంక వైపు చివరి 10 మీటర్లలో మందు కొట్టడం మానేయండి. ఆ గెనిమ (గట్టు) వెంట 3 మీటర్ల వెడల్పున గడ్డి పెంచితే పారే మట్టి అక్కడే ఆగుతుంది, గొడ్లకు మేత కూడా. ఖాళీ సీసాను 3 సార్లు కడిగి, ఆ నీళ్లను పంపులోనే పోసి పైరు మీదే కొట్టండి. డ్రమ్ము కడిగిన నీళ్లూ అంతే, పొలంలోనే పోవాలి. మందు కొట్టే ముందు మేఘదూత్ యాప్‌లో వాన సూచన చూడండి.

ఆ నాలుగు సీసాలు పారేయకండి. లేబుళ్లు కనపడేలా ఫోటోలు తీసి, ఆకు పైభాగం, అడుగుభాగం ఫోటోలతో కలిపి నాకు పంపండి. అవి చూసి జవాబిచ్చేదాకా ఇంకో మందు కొనకండి.