ఊరి పక్కన ఓపెన్ కాస్ట్ గని: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నల్లగొండ, సూర్యాపేట జిల్లాల దక్షిణ మండలాల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఒకే విషయాన్ని ప్రస్తావించాయి. కృష్ణా తీరం వెంట వాడపల్లి, దామరచర్ల మొదలుకొని మఠంపల్లి, మేళ్ళచెరువు దాకా సున్నపురాయి పొరలు ఉన్నాయి కనుక సిమెంటు కర్మాగారాలూ క్వారీలూ ఇక్కడివారికి కొత్త కావు. అయినా గని ప్రతిపాదన సొంత ఊరి పొలిమేరకు వచ్చినప్పుడు ఏమి చేయాలో, ఎవరిని అడగాలో తెలియని ఆందోళన ఈ ఉత్తరాలన్నింటిలో కనిపించింది. ఎక్కువమందికి ఉపయోగపడే ప్రశ్నలను ఎంచుకొని ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా ఊరి పక్కన సున్నపురాయి ఓపెన్ కాస్ట్ (నేలను పైనుంచే తవ్వే) గనికి ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతామని పత్రికలో ప్రకటన వచ్చింది. సభను బహిష్కరించాలని కొందరు, వెళ్లి గట్టిగా వ్యతిరేకించాలని మరికొందరు అంటున్నారు. ఏది మంచిది? వెళితే ఏమి అడగాలి?
— ఒక రైతు, దామరచర్ల మండలం

జవాబు: తప్పకుండా వెళ్లండి. కేంద్ర పర్యావరణ శాఖ 2006 సెప్టెంబరు 14న జారీ చేసిన నోటిఫికేషన్ ప్రకారం ఈ సభకు ఇంతమంది హాజరు కావాలన్న నియమం ఏదీ లేదు. ఊరంతా ఇంట్లో కూర్చున్నా సభ జరిగినట్టే లెక్క. అభ్యంతరాలు రాలేదన్న ఒక్క వాక్యంతో నివేదిక పైకి వెళ్లిపోతుంది. బహిష్కరణలోని కోపం న్యాయమైనదే కావచ్చు గానీ, ఆ కోపం కాగితం మీదికి ఎక్కదు.

సభకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ఆ 30 రోజులే మీకు అత్యంత విలువైన సమయం. కంపెనీ తయారు చేయించిన పర్యావరణ ప్రభావ నివేదిక ముసాయిదా, దాని తెలుగు సారాంశం కలెక్టరు కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, మీ స్థానిక సంస్థ కార్యాలయంలో అందరూ చూసుకునేందుకు ఉంచాలి. సారాంశం ఒక్కటే చదివి ఊరుకోవద్దు. పూర్తి నివేదిక సాధారణంగా ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి, ఊళ్లో చదువుకున్న పిల్లలను నలుగురిని కూర్చోబెట్టి అధ్యాయాలవారీగా పంచుకొని చదివించండి.

చదివేటప్పుడు ముందుగా చూడవలసినది పటం. గని చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిని ఇలాంటి నివేదికల్లో అధ్యయనం చేస్తారు. ఆ పరిధిలో మీ చెరువు, మీ తండా, బడి, అంగన్వాడీ, వాగు, సాగర్ ఎడమ కాలువ పిల్లకాలువలు చూపించారో లేదో గమనించండి. బీడు భూమి అని రాసిన సర్వే నంబరులో పత్తి పండుతుంటే, కుంట ఉన్నచోట ఖాళీ చూపిస్తే, అదే మీ మొదటి అభ్యంతరం. రెండవది, గాలి, నీరు, ధ్వని కొలతలు ఏ నెలల్లో తీసుకున్నారన్నది. వానాకాలం కాని ఒక్క ఋతువులో తీసుకున్న కొలతలతోనే నివేదిక రాయడానికి అవకాశం ఉంది. అందువల్ల వానాకాలంలో మీ వాగు ఎలా పారుతుందో, నీళ్లు ఏ దిక్కున పొలాల్లోకి వస్తాయో అందులో ఉండకపోవచ్చు. అది చెప్పగలిగినవారు మీరే.

సభకు కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని ఆయన ప్రతినిధి గానీ అధ్యక్షత వహిస్తారు. కాలుష్య నియంత్రణ మండలి నిర్వహిస్తుంది. వచ్చిన ప్రతి ఒక్కరికీ మాట్లాడే అవకాశం ఇవ్వాలి, అంతా వీడియో తీయాలి. మైకు దొరికినా దొరక్కపోయినా మీ అభ్యంతరాలను రాతపూర్వకంగా ఇచ్చి, ముట్టినట్టు సంతకం, తేదీ, ముద్ర తీసుకోండి. చాలామంది మాట్లాడేసి వెళ్లిపోతారు, అలా చేయవద్దు. సభ చివర కార్యక్రమ వివరాలను తెలుగులో చదివి వినిపించి, అదే రోజు అధ్యక్షుడు సంతకం చేయాలి. మీరు చెప్పిన మాట అందులో లేకపోతే అక్కడే లేచి అడగండి.

ఒక విషయం ముందే తెలిసి ఉండాలి: ఈ సభ ఓటింగు కాదు. ఎక్కువమంది వద్దన్నంత మాత్రాన గని ఆగదు. లేవనెత్తిన ప్రతి అంశానికీ కంపెనీ సమాధానం చెప్పాలి, ఆ సమాధానాన్ని నిపుణుల కమిటీ పరిశీలించాలి. అందుకే "మాకు గని వద్దు" అన్న వాక్యంతో పాటు "ఫలానా సర్వే నంబరులోని కుంట కింద ఇన్ని ఎకరాల ఆయకట్టు ఉంది, గని తవ్వితే దానికి నీరు ఎక్కడి నుంచి వస్తుంది" అన్న వాక్యం కూడా ఉండాలి. మన జిల్లాకు ఇందులో అనుభవం ఉంది. లంబాపూర్, పెద్దగట్టు యురేనియం ప్రతిపాదన వచ్చినప్పుడు నాగార్జునసాగర్ జలాశయం ఎంత దగ్గరగా ఉందన్న ప్రశ్ననే జనం గట్టిగా పట్టుకున్నారు. నల్లమల యురేనియం విషయంలో అమ్రాబాద్ ప్రజలు అడవి, కృష్ణానది గురించి అడిగిన ప్రశ్నలు పెద్దవై, 2019 సెప్టెంబరులో శాసనసభ తీర్మానం దాకా వెళ్లాయి.

గనికి పర్యావరణ అనుమతి వచ్చాక కూడా దారి మూసుకుపోదు. పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. మనకు దక్షిణ ధర్మాసనం చెన్నైలో ఉంది. ఆ గడువు దాటితే ఎంత మంచి కారణమైనా వినరు కాబట్టి, అనుమతి ఎప్పుడు వచ్చిందో పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం నడిపే పరివేష్ వెబ్‌సైటులో చూస్తూ ఉండే బాధ్యతను ఊళ్లో ఒకరికి అప్పగించండి.

ప్రశ్న: బాంబులు పెడితే గోడలు బీటలు వారతాయని భయంగా ఉంది. మాది పాత మట్టి మిద్దె. తర్వాత అడిగితే "మీ ఇల్లు పాతది, అందుకే పగిలింది" అంటారేమో.
— ఒక గృహిణి, మేళ్ళచెరువు మండలం

జవాబు: అమ్మా, వారు అనబోయే మాటను మీరే సరిగ్గా ఊహించారు. దానికి విరుగుడు ఇప్పుడే చేసుకోవాలి. గని మొదలు కాకముందే ఇంటి ప్రతి గోడనూ, స్లాబునూ, బావి ఒరనూ తేదీ పడేలా ఫోటోలు తీయించండి. ఉన్న బీటలను దాచకండి. వాటి పొడవు, వెడల్పు కొలిచి రాయించండి. ఒక్క ఇంటికి కాకుండా ఊరంతటికీ పంచాయతీ కార్యదర్శి సమక్షంలో ఈ పని జరిగి, గ్రామసభ తీర్మానంలో నమోదైతే దానికి బలం ఉంటుంది. గనికి దగ్గరి ఇళ్ల సర్వేను కంపెనీ ఖర్చుతో, మూడో పక్షం చేత చేయించాలని సభలో షరతుగా కోరండి.

పేలుళ్ల వల్ల నేలలో పుట్టే కంపనాలకు గనుల భద్రతా డైరెక్టరేటు 1997లో హద్దులు నిర్ణయించింది. కంపెనీవి కాని ఇళ్ల దగ్గర, కచ్చా ఇళ్లయినా ఇటుక, సిమెంటు ఇళ్లయినా, తక్కువ పౌనఃపున్యపు (సెకనుకు తక్కువసార్లు ఊగే) కంపనాలకు ఆ హద్దు, అంటే నేల కదిలే వేగం, సెకనుకు 5 మిల్లీమీటర్లు. పౌనఃపున్యం పెరిగిన కొద్దీ అది 10, 15 వరకు పోతుంది. కంపనాలను కొలిచే యంత్రాన్ని గని గట్టున కాకుండా, ఊరి వైపు మొదటి ఇంటి దగ్గర పెట్టాలని అడగండి. రాళ్లు ఎగిరిపడే ప్రమాదం వేరే సంగతి: పేలుడు చోటు నుంచి 500 మీటర్ల వరకు ప్రమాద ప్రాంతంగా పరిగణించాలి. మీ ఇల్లు, పశువుల కొట్టం, బడికి పోయే బాట ఆ గీతలోపల ఉన్నాయా అన్నది పటం మీద స్కేలుతో కొలిచి చూడండి.

ప్రశ్న: మా బత్తాయి తోట మొత్తం ఒక్క బోరు మీద ఆధారపడి ఉంది. గనిలో నీళ్లు తోడితే మా బోరు ఎండిపోతుందా? దుమ్ము వల్ల కాపు తగ్గుతుందా?
— ఒక బత్తాయి రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: గని అడుగు భూగర్భ జలమట్టం కంటే పైన ఉందా, కిందకు దిగుతుందా అన్న ఒక్క సంగతి మీద మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆధారపడి ఉంటుంది. జలమట్టాన్ని దాటి తవ్వితే గుంతలోకి ఊరే నీటిని రోజూ పంపులతో బయటికి తోడక తప్పదు, అప్పుడు చుట్టుపక్కల బావుల మట్టం గుంత వైపు వాలుతుంది. సున్నపురాయిలో పగుళ్లు, సొరంగాల్లాంటి సందులు ఉంటాయి కనుక ఈ ప్రభావం అన్ని దిక్కులా సమానంగా ఉండదు. పక్క పొలం బోరు బాగానే ఉండి, దూరపు బోరు ఎండవచ్చు. అందువల్ల "ఇంత దూరం దాటితే ప్రభావం ఉండదు" అని ఎవరైనా ఒక్క గీత గీసి చెబితే ఒప్పుకోకండి. ఆ పగుళ్లు ఏ దిశగా పోతున్నాయో అధ్యయనం చేశారా అని అడగండి.

మన జిల్లాలో ఈ ప్రశ్నకు అదనపు బరువు ఉంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిపోయిన తరాలను మనం కళ్లారా చూశాం. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదు. పై బావులు ఎండితే జనం ఇంకా లోతుకు బోర్లు వేస్తారు. ఆ లోతు నీటిలో ఏముందో ఎవరూ పరీక్షించరు. గని వల్లనే ఫ్లోరైడు వస్తుందని నేను చెప్పడం లేదు. బావి ఎండితే దానికి బదులుగా ఇచ్చే నీరు ఏది, దాని నాణ్యత ఎంత అన్న ప్రశ్న ఈ జిల్లాలో ప్రాణాలకు సంబంధించినది అంటున్నాను.

ఇప్పుడే మీ బోరు లోతు, ఎన్ని అంగుళాల నీరు పోస్తుంది, వేసవిలో ఎన్ని గంటలు నడుస్తుంది అన్నవి నెలనెలా నోటుపుస్తకంలో రాసిపెట్టండి. నీటిని ఒకసారి వానలకు ముందు, ఒకసారి తర్వాత పరీక్ష చేయించి రసీదు దాచండి. భూగర్భ జల శాఖ పరిశీలక బోర్లలో నెలనెలా మట్టం కొలుస్తుంది. మీకు దగ్గరి బోరు లెక్కలను సమాచార హక్కు చట్టం కింద అడిగి తీసుకోవచ్చు.

దుమ్ము సంగతి. ఆకుల మీద మందంగా పేరుకుంటే పత్రరంధ్రాలు మూసుకొని, వెలుతురు తగ్గి చెట్టు నీరసిస్తుంది. పూత మీద పడితే కాపు మీదా ప్రభావం ఉంటుంది. గని గుంత కంటే టిప్పర్లు తిరిగే మట్టి బాటే ఎక్కువ దుమ్ము లేపుతుంది. కాబట్టి రవాణా బాట ఎటు పోతుందో చూసి, అది తోటల పక్కగా ఉంటే దారి మార్చాలని లేదా తారు రోడ్డు వేశాకే లారీలు తిప్పాలని షరతు కోరండి. గాలిలో 10 మైక్రాన్ల లోపు ధూళికి (పీఎం 10) 24 గంటల సగటు హద్దు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. కొలిచే యంత్రం గాలి వాలుకు ఎదురుగా, అంటే గాలి గనికి వచ్చే వైపున పెడితే ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, కాబట్టి ఎక్కడ పెట్టారన్నది కూడా చూడాలి.

ప్రశ్న: నేను మిర్యాలగూడ కోడలిని. మా పుట్టినిల్లు ఇల్లందు వైపు. అక్కడ ఊరి పక్కన బొగ్గు ఓపెన్ కాస్ట్ వస్తుందని మా అమ్మ రోజూ ఫోనులో ఏడుస్తోంది. మీరు సున్నపురాయి గురించి చెప్పేవి బొగ్గుకూ వర్తిస్తాయా?
— ఒక సోదరి, మిర్యాలగూడ

జవాబు: ప్రజాభిప్రాయ సేకరణ, పేలుళ్లు, నీరు, వీటి గురించి పైన చెప్పినవి చాలా వరకు వర్తిస్తాయి. కానీ తేడాలు పెద్దవి. సున్నపురాయి సాధారణంగా పైపొరల్లోనే దొరుకుతుంది. బొగ్గు లోతున ఉంటుంది. ఒక టన్ను బొగ్గు కోసం దానికి అనేక రెట్లు మట్టి, రాయి తీసి పక్కన పోయాలి. గోదావరి లోయలో ఓపెన్ కాస్టుల పక్కన నిలిచిన మట్టి గుట్టలు ఇవే. 1889లో బొగ్గు తవ్వకం మొదలైన ఇల్లందు వారికి ఇవి చెప్పనక్కరలేదు. వానలకు ఆ మట్టి కొట్టుకొచ్చి వాగులను, చెరువులను పూడుస్తుంది. కనుక గుట్ట ఎక్కడ పోస్తారు, దాని అడుగున గోడ, చుట్టూ కాలువ, మట్టి పేరుకునే గుంతలు ఉన్నాయా అన్నవి గని గుంత కంటే ముందు అడగాలి. బయటపడిన బొగ్గు దానంతటదే రాజుకొని పొగ పట్టే ప్రమాదం కూడా సున్నపురాయిలో లేదు, ఇక్కడ ఉంది.

మరొక ముఖ్యమైన తేడా చట్టంలో ఉంది. ప్రభుత్వ కంపెనీల కోసం బొగ్గు భూములను 1957 నాటి ప్రత్యేక చట్టం కింద తీసుకోవచ్చు. సేకరణ ఉద్దేశాన్ని తెలిపే నోటిఫికేషన్ వెలువడిన 30 రోజుల్లో అభ్యంతరం ఇవ్వాలి. గెజెట్ ఊరికి చేరదు, కనుక అమ్మ వాళ్ల సర్వే నంబర్లతో ఎమ్మార్వో కార్యాలయంలో తరచూ వాకబు చేయాలి. వారి ఊరు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉంటే షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 పెసా చట్టం ప్రకారం భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలి. అటవీ భూమి, పోడు ఉంటే 2006 అటవీ హక్కుల చట్టం కింద క్లెయిములు పరిష్కారం అయ్యాయా అని అడగాలి. పట్టా లేదని అమ్మ వెనక్కి తగ్గనవసరం లేదు.

ప్రశ్న: కంపెనీ మనుషులమంటూ కొందరు వచ్చి, లీజు వచ్చేసింది, ఇప్పుడే సంతకం పెడితే మంచి రేటు అంటున్నారు. పెట్టాలా?
— మఠంపల్లి మండలం నుంచి

జవాబు: తొందరపడకండి. గనుల లీజు భూమిలోని ఖనిజానికి సంబంధించినది. దానితో మీ పొలం వారి సొంతం కాదు. భూమిని విడిగా కొనాలి లేదా చట్టప్రకారం సేకరించాలి. ప్రైవేటు కంపెనీ కోసం ప్రభుత్వం సేకరిస్తే 2013 భూసేకరణ చట్టం ప్రకారం 80 శాతం బాధిత కుటుంబాల సమ్మతి ప్రధాన సూత్రం. గ్రామీణ భూమికి మార్కెట్ విలువను 1 నుంచి 2 వరకు గుణకంతో లెక్కించి, దాని మీద 100 శాతం పరిహార భత్యం కలపాలి. ఈ లెక్క వేసుకొని చూశాక వారు చెప్పే రేటు ఎంతో మీకే అర్థమవుతుంది. ఖాళీ కాగితం మీద, చదవని ఒప్పందం మీద సంతకం వద్దు.

ప్రశ్న: గని మా తరంలో ఆగదని అనుకుందాం. నడుస్తున్నప్పుడు షరతులు పాటించకపోతే మేము చేయగలిగినది ఏమైనా ఉందా? తవ్వి వెళ్లిపోయాక ఆ గుంత ఏమవుతుంది?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, హుజూర్‌నగర్

జవాబు: ఉంది. పర్యావరణ అనుమతి పొందిన ప్రతి కంపెనీ షరతుల అమలుపై ఏటా జూన్ 1, డిసెంబరు 1 తేదీలకు నివేదిక సమర్పించాలి, అది ప్రజలు చూడదగిన పత్రం. ఆ నివేదికలో "చెట్లు నాటాము, నీళ్లు చల్లాము" అని రాసినదాన్ని ఊరి ఫోటోలతో పక్కపక్కన పెట్టి కాలుష్య నియంత్రణ మండలికి రాయండి. ఉపాధ్యాయులుగా పనిచేసినవారు ఈ పనికి అందరికంటే తగినవారని నా నమ్మకం; ఆరు నెలలకు ఒకసారి నలుగురు విద్యార్థులతో చేయగల పని ఇది.

గనులు ఇచ్చే రాయల్టీకి అదనంగా జిల్లా ఖనిజ నిధికి కూడా డబ్బు వస్తుంది: వేలంలో ఇచ్చిన లీజులకు రాయల్టీలో 10 శాతం, 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులకు 30 శాతం. ఈ నిధి మొదట ఖర్చు కావలసింది గని బాధిత గ్రామాల తాగునీరు, ఆరోగ్యం, చదువు మీద. మీ గ్రామాన్ని బాధిత గ్రామాల జాబితాలో చేర్చారో లేదో ముందు అడగండి, తర్వాత ఖర్చుల వివరాలు అడగండి.

గుంత విషయానికి వస్తే, ప్రతి గనికీ మూసివేత ప్రణాళిక ముందే ఆమోదం పొంది ఉండాలి, దానికి ఆర్థిక హామీ కట్టాలి. సున్నపురాయి వంటి ఖనిజాలకు దీన్ని భారత గనుల బ్యూరో చూస్తుంది; దాని ప్రాంతీయ కార్యాలయం హైదరాబాదులో ఉంది. గుంతను ఎంతమేర పూడుస్తారు, నీటి గుంతగా వదిలితే గట్ల వాలు ఎంత, కంచె ఎవరు వేస్తారు, పశువులకు దిగుడు దారి ఉంటుందా అన్నవి అందులో ఉండాలి. ఆ ప్రతిని ప్రజాభిప్రాయ సేకరణ రోజుకు ముందే తెప్పించుకొని, మీ ఊరి అభ్యంతర పత్రానికి జత చేయండి.